ఐదో పాప మాట

ప్యాడు, పెన్ను, స్టాప్‌వాచ్ పట్టుకొని మొట్టమొదటిసారి ఒక పిల్ల ముంగట కూసునేటోళ్ల కోసం ఇది రాస్తున్న. నేను రిటైరై ఏడాది దాటింది. ఉద్యోగంల ఉన్నన్ని రోజులు నా గొప్పలు మస్తు చెప్పుకున్న, ఇనేటోళ్లు దొరికితే ఇడిసిపెట్టలే. ఇయ్యాల మాత్రం ఒక తప్పు చెప్త. అది నా ఒక్కదాని తప్పు. పక్కోళ్లకు గూడ జర పంచుదామని ఎంత చూసినా, తిరిగి తిరిగి నా కాడికే వచ్చింది.

నాది గోదావరిఖని. మా బాపు బొగ్గు బాయిల పని చేసిండు, మేం కంపెనీ క్వార్టర్ల పెరిగినం. స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేసి, రెండు మూడు బడులల్ల పిల్లలకు చెప్పి, ఆఖరుకు ఒక యూనివర్సిటీ రీసెర్చ్ టీంల ఫీల్డ్ అసిస్టెంటుగ చేరిన. టీం అనంగనే పెద్దగ ఊహించుకోకున్రి. హైదరాబాద్ నుంచి నెలకోసారి వచ్చే ప్రొఫెసర్ మేడం, ఇక్కడ్నే రూం తీసుకొని ఉన్న ఒక రీసెర్చ్ స్కాలర్, నేను. గంతే. స్కాలర్‌ది కోస్తా దిక్కు. నన్ను అక్కా అనేటోడు, నేను తమ్మీ అనేదాన్ని. "అక్కడి మాట తెలిసిన మనిషి ఒకరు టీంలో ఉండాలి" అని మేడం ఏరి కోరి నన్ను తీసుకున్నది. ఆ మాట తలుసుకుంటే ఇప్పటికీ నాకు చెవులు కాలుతయ్.

ఎదుగుదల ఎనుకబడ్డ పిల్లలు, మాట రాని పిల్లలు, తమను తాము కొట్టుకునే పిల్లలు, వాళ్లు గట్ల ఎందుకు చేస్తరో చూసుడు మా పని. మా శాస్త్రం పుస్తకాలల్ల చానా లావుగ ఉంటది గని, పట్టుకుంటే మూడు గళ్ల కాయిదం. ముందు ఏమైంది, పిల్ల ఏం చేసింది, తర్వాత ఏమైంది. మధ్య గడి ఒక్కటే చూస్తే పిల్ల మొండిది అనిపిస్తది. అటు గడి, ఇటు గడి కలిపి చూస్తే పిల్ల మనకు ఏదో చెప్తున్నదని తెలుస్తది. ఇది నేను ఎంతమందికి పాఠం చెప్పిన్నో లెక్క లేదు.

రామగుండంల ఇసోంటి పిల్లల కోసం నడిచే ఒక చిన్న బడిల మా పని సాగింది. కాయిదాలల్ల పిల్లల పేర్లు రాయొద్దు, నంబర్లే రాయాలె. ఈమె ఐదోది. ఏడేండ్ల పిల్ల. రెండు జడలు, కండ్లకు సుర్మా, గౌను మీద ఎప్పుడూ ఒక స్వెట్టర్, ఎండకాలమైనా సరే అది తియ్యనియ్యదు. ముస్లింల పిల్ల, ఇంట్ల దక్కనీ ఉర్దూ మాట్లాడుకుంటరు. తండ్రి రోడ్డు మీద బండ్ల మెకానిక్. పిల్ల బడికి రాంగనే నా కొంగు చివర పట్టుకొని వాసన చూసేది, నేనే అని నిమ్మలం చేసుకొని అప్పుడు కూసునేది. చల్లగున్న బల్ల మీద చెంప ఆనించి, పూసలు ఒకదాని ఎనుక ఒకటి దొర్లించుకుంట ఎంతసేపన్న ఉండేది. అట్ల ఉన్నప్పుడు చూస్తే ఎత్తుకోబుద్ధయ్యేది.

కని ఉండి ఉండి పిడికిలితోని నుదురు కొట్టుకునేది. ఉత్తగ కాదు, దబదబ అని గదిల అందరికి ఇనబడేటట్టు. నుదుటి మీద ఒక బుడుపు తగ్గకముందే ఇంకోటి లేసేది.

బడి పెద్దసారు ముందే చెప్పిండు. "నాలుగు నెలలు చూద్దాం మేడం. తగ్గకపోతే నేను ఉంచుకోను. తలకు దెబ్బ తగిలి ఏమన్న అయితే జవాబు ఎవలు చెప్పాలె? హైదరాబాద్ల హాస్టల్ ఉన్నది, డాక్టర్లుంటరు, అండ్ల ఏసుకోమని రాసిస్తం." ఆయన చెడ్డోడు కాదు, భయపడ్డ మనిషి. పిల్ల రాత్రి దాదీ, అంటే నాయనమ్మ, పక్కన తప్ప పండుకోదని, కొత్త ఇంట్ల నీళ్లు గూడ తాగదని తల్లి ఆయనకు చెప్పింది. ఆయన తల ఊపిండు గని మాట మార్చలే. అంటే మా నాలుగు నెలల కాయిదాల మీద ఆ పిల్ల ఇంట్ల ఉంటదా, ఊరు దాటి పోతదా అన్నది పడ్డది.

మొదట్ల ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని బ్లాస్టింగ్ మీద అనుమానపడ్డం. మధ్యాహ్నం అది పేలితే బడి కిటికీలు గడగడమంటయ్, దానికే బెదిరి కొట్టుకుంటుందేమో అనుకున్నం. రెండు వారాలు కాపలా కాసినం. ప్రతిసారి మా స్కాలరే కుర్చీల ఎగిరిపడ్డడు. పాప తల గూడ ఎత్తలే. ఇక్కడ పుట్టిన పిల్ల కదా, దానికేం కొత్త.

మూడో వారంల ఆమె నోట్లకెళ్లి ఒక మాట వచ్చింది. పూసలు దారానికి గుచ్చే పని చేయిస్తున్న. నాలుగు గుచ్చింది, ఐదోది చేతిల పెట్టిన. ట్రే జర అటు నూకి, మెల్లగ ఒక మాట అన్నది. అప్పుడే కిటికీ బయట మంథని పోయే బస్సు హారన్ కొట్టుకుంట పోయింది. నేను స్కాలర్ దిక్కు చూసిన, స్కాలర్ నా దిక్కు చూసిండు.

"అక్కా, బస్సు అంది కదా?"

"అన్నది తమ్మీ. బస్సు అన్నది."

నేను ఆ కాయిదం మీద సక్కటి అక్షరాలతోని రాసిన. పలికిన మాట: బస్సు. రాసి, కింద గీత కొట్టిన. మా మేడం ఫోన్ల ఎంత సంబురపడ్డదో చెప్పలేను. మాట లేని పిల్లకు మాట వచ్చింది, దాన్ని పట్టుకొని ముందుకు పోవాలె, మాట అన్నప్పుడల్ల దానికి ఫలం దొరకాలె. అది మా పద్ధతి. మరునాడు నేనే బజారుకు పోయి ఒక ఎర్ర ఆటబస్సు కొనుక్కచ్చిన. చక్రాలు తిరుగుతయ్, తలుపు తెరుసుకుంటది. నలుగురికి చూపెట్టుకుంట పోయిన.

సాయంత్రం తల్లి వస్తే కాయిదం తీసి చదివి చెప్పిన. "మీ పాప 'బస్సు' అనే పదాన్ని సందర్భానుసారంగా పలుకుతున్నది" అని. ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని నిలవడ్డది. కండ్లల్ల నీళ్లు. "ఇంకోసారి చదువున్రి ఆపా" అన్నది, అక్కను వాళ్లు ఆపా అంటరు. ఇంకోసారి చదివిన.

మీల తెలివైనోళ్లు ఇప్పటికే పట్టుకొని ఉంటరు. నాకు పట్టుకోనికి నాలుగు నెలలు కావాల్సి వచ్చింది.

రోజూ ఇదే నడిచేది. పాప పూసలు గుచ్చుతది, కాసేపటికి ట్రే నూకుతది, "బస్" అంటది. నేను ఆటబస్సు ముంగట పెట్టి "ఆ, బస్సు, ఎర్ర బస్సు, చూడు ఎట్ల పోతున్నదో" అని దొర్లిస్త. దొర్లించి, మళ్ల పూస చేతిల పెడ్త. ఆమె జర గట్టిగ అంటది. నేను మళ్ల దొర్లిస్త. ఆమె బస్సును గోడకేసి కొడ్తది. స్కాలర్ పోయి తీసుకొస్తడు. ఆమె మూడోసారి అంటది, నాలుగోసారి అంటది, ఆ తర్వాత పిడికిలి లేస్తది. పిడికిలి లేసిందంటే మాకు రూలుంది. జల్ది బల్ల మీది సామానంత తీసెయ్యాలె, నుదుటికి చేతికి నడుమ మెత్తటి దిండు పెట్టాలె, పని ఆపాలె. ఆపినంక ఆమె నిమ్మలమయ్యేది, బల్ల మీద చెంప ఆనించేది.

మూడో గడిల నా రాతతోనే రోజూ రాసుకున్న: పని ఆపివేసితిమి. మొదటి గడిల గూడ రాసుకున్న: 'బస్సు' అనెను, ఆటబస్సు ఇవ్వగా తిరస్కరించెను. రెండు ఒకే కాయిదం మీద జానెడు దూరంల ఉండె. నోటితోని అడిగితే మేం ఆపలే, తల పగలగొట్టుకుంటే ఆపినం. ఆ పిల్లకు కొట్టుకునుడు మేమే నేర్పుతున్నం, అది గూడ పద్ధతి ప్రకారం, స్టాప్‌వాచ్ పట్టుకొని. నెల నెలకు గ్రాఫుల కొట్టుకునుడు లెక్క గీత మీదికి పోతుంటే స్కాలర్ నిద్ర లేకుండ పుస్తకాలు తిరగేసిండు. బహుమతి మార్చుదామన్నడు. నేనేమో నీలం బస్సు కొనుక్కచ్చిన.

నాలుగు నెలలు దగ్గరపడ్డయ్. రిపోర్టు నేనే రాసిన, సక్కటి తెలుగుల. ఎన్ని ప్రోత్సాహకాలు ఇచ్చినా స్వీయ హాని తగ్గలేదు, వసతి సౌకర్యం గల కేంద్రానికి సిఫారసు చేయవచ్చును అని. మేడం చదివి సరే అన్నది. శనివారం మీటింగు. ఇంటి ఫారం ఒకటి నింపాల్సి ఉండె, బుధవారం మధ్యాహ్నం నేను పాప ఇంటికి పోయిన. ఆ రోజు పాప బడికి రాలే, జర జ్వరం.

ముంగట తండ్రి దుకాణం, ఎనుక రెండర్రల ఇల్లు. ఫారంల ప్రశ్నలు చిన్నయే, అరగంట పని. కని పాప దాదీ నన్ను పోనిస్తదా. డెబ్బై దాటిన మనిషి, నడుము వంగింది గని చెయ్యి వంగలే. "తిండి వేళయింది, తినకుంట పోతవా బేటీ" అని చాప మీద కూసోబెట్టింది. బగారన్నం, దాల్చ. పక్కన్నే తల్లి పాపను ఒళ్లె కూసోబెట్టుకొని తినిపిస్తున్నది. నాకు లోపల అన్నం దిగుతలేదు, ఎందుకంటే బ్యాగుల ఆ రిపోర్టు ఉన్నది. వీళ్లింట్ల తింటున్న, వీళ్ల పిల్లను పంపమని రాసిచ్చిన.

దాదీ మళ్ల గరిటె నిండ అన్నం తీసింది. నేను పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి అన్న. "బస్ దాదీమా, బస్."

గరిటె ఆగింది.

పాప నా దిక్కు చూసింది. ఎప్పుడూ మొఖంలకు చూడని పిల్ల, నా నోటి దిక్కు చూసింది, గరిటె దిక్కు చూసింది, మళ్ల నా నోటి దిక్కు చూసింది. తల్లి ముద్ద పెట్టబోతే మొఖం తిప్పుకొని, మెల్లగ, బడిల అన్నట్టే అన్నది. "బస్." తల్లి ముద్ద పళ్లెంల ఏసి, చున్నీతోని ఆమె మూతి తుడిసింది.

నా చేతిల ముద్ద చేతిలనే ఉండిపోయింది. తల్లిని అడిగిన. "ఇప్పుడు పాప ఏమన్నది?"

"బస్ అన్నది ఆపా. ఇగ చాలని. ఇంట్ల అదొక్కటే అంటది. చిన్నప్పటి సంది అంటది."

"మరి మాకు చెప్పలేదేంది?"

ఆమె నా దిక్కు వింతగ చూసింది. "మీకు ఎరికే అనుకున్న. మీరు రోజూ అనే మాటే కదా." జర ఆగి, సిగ్గుపడుకుంట ఇంకో మాట అన్నది. "ఇంటికాడ బస్ అంటది, బడిల మీరు బస్సు నేర్పిచ్చిన్రు. రెండు మాటలు వచ్చినయ్ మా బిడ్డకు అని గల్లీల అందరికి చెప్పుకున్న."

నేను తలకాయ దించుకొని తిన్న. ఏం తిన్ననో నాకు తెల్వదు.

ఆటో ఎక్కలే. స్టేషన్ దాక నడుసుకుంట పోయిన, నన్ను నేనే తిట్టుకుంట. కోస్తా నుంచి వచ్చిన పిల్లగాడు పట్టుకోలే అంటె అర్థముంది, వాళ్ల దిక్కు బస్సంటే బస్సే, చాలంటే చాలే. నా సంగతేంది? చాయ పోస్తుంటే బస్ అంట. ఆటోల దిగేటప్పుడు 'బస్ అన్నా, ఇక్కడ్నే' అంట. మా ఆయన రాజకీయం మొదలుపెడితే ఇగ బస్ చెయ్యి అంట. దినాం వంద సార్లు నా నోట్ల ఉండే మాట, ఒక పిల్ల నోట్లకెళ్లి వస్తే నాకు ఇనబడలే.

ఎందుకు ఇనబడలేదో గూడ అప్పుడే ఎరుకైంది. ఇనబడ్డది. చేతికి రాలే. చిన్నప్పుడు బడిల వ్యాసంల 'గిట్ల' అని రాస్తే మా తెలుగు సారు నోటుబుక్కు కిందికేసి, "ఇది రాత భాషనా, మీ బాయికాడి భాషనా" అన్నడు. క్లాసంత నవ్విన్రు. అప్పటి సంది నోటి మాట వేరు, కాయిదం మాట వేరు చేసుకున్న. నోట్ల 'అన్నది' అనుకుంట 'అనెను' అని రాసిన దాన్ని. ఎవరేమన్నా దాన్ని కడిగి, ఉతికి, ఇస్త్రీ చేసి కాయిదం మీద పెట్టుడు నాకు అలవాటు, దానికే నాకు పేరు. పాప 'బస్' అంటే నా చెయ్యి అండ్ల తప్పున్నదని అనుకొని, దిద్ది, 'బస్సు' చేసింది. అందుకే ఇది నేను ఇట్ల రాస్తున్న, మీకు నచ్చినా నచ్చకపోయినా.

తప్పు చెప్త అని మొదట్ల అన్న కదా, ఇది గూడ చెప్త. ఆ పొద్దు నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. తప్పైందని ఎవ్వలకు చెప్పుడెందుకు, రిపోర్టు జర ఆపిచ్చి, రేపటి సంది మెల్లగ పద్ధతి మార్చుకుందాం. కొత్త ప్రయోగం అని పేరు పెడితే గీత కిందికి దిగుతది, అందరు మెచ్చుకుంటరు, నా ఇజ్జత్ నాకుంటది. ఒక గంట సేపు ఆ ఆలోచనను ఒళ్లె పెట్టుకొని ముద్దు చేసిన. కని శనివారం మూడు రోజులల్ల ఉంది. తప్పు ఒప్పుకోకుంట రిపోర్టు ఎట్ల ఆపిచ్చుడు? తొవ్వ కనబడలే. గట్ల మంచిదాన్నైన, నా అంతల నేను కాలే.

స్కాలర్ రూంకు పోయి చెప్పిన. అతని థీసిస్‌ల సగం ఈ పిల్ల మీదనే. అతను ల్యాప్‌టాప్ తెరిసి మూడో నెల వీడియో పెట్టిండు. పాప అంటున్నది, బస్. నా గొంతు, ఎంత ముద్దుగ, ఎంత సంతోషంగ, "ఆ, ఎర్ర బస్సు." పాప మళ్ల అంటున్నది. మళ్ల నా గొంతు. నాలుగోసారికి ఆ పిల్ల గొంతుల ఏడుపు జీర వచ్చింది, నా గొంతుల సంతోషం అట్లనే ఉన్నది. అతను వీడియో ఆపిండు.

"అక్కా, ఇంత స్పష్టంగా అడుగుతోంది."

"అవు తమ్మీ."

"నాలుగు నెలలు అక్కా." గంతే అన్నడు. రెండు రోజులు నాతోని మాట్లాడలే. అతని కోపం న్యాయమైందే.

శనివారం పెద్దసారు గదిల మేడం, సారు, స్కాలర్, పాప తల్లి, దుకాణం బంద్ చేసి వచ్చిన తండ్రి. పాపేమో తల్లి చున్నీ చాటున. మేడం రిపోర్టు చేతిలకు తీసుకున్నది. నేను లేసి నిలవడ్డ. "మేడం, అది చదువకున్రి. అండ్ల మాట తప్పు పడ్డది, నేనే రాసిన." ఏం జరిగిందో చెప్పిన.

మేడం ముఖంల ఏం కనబడలే. "ఒక భోజనం దగ్గర విన్న మాటతో నాలుగు నెలల డేటా పక్కన పెట్టమంటున్నారా?"

"అవు మేడం."

"అయితే చెప్పకండి. చూపించండి."

బల్ల ఏసినం. పూసల ట్రే పెట్టి, పాపను కూసోబెట్టుకున్న. నా కొంగు వాసన చూసింది. మూడు పూసలు గుచ్చింది, ట్రే నూకింది, అన్నది. నేను ట్రే తీసి కింద పెట్టి, చేతులు ఒళ్లె పెట్టుకొని, మొఖం పక్కకు తిప్పుకున్న. పాప పిడికిలి అలవాటు కొద్ది లేసింది, సగం దాక వచ్చింది, అక్కడ్నే నిలవడ్డది. ముంగట బల్ల ఖాళీగ ఉంది. కొట్టుకోనికి కారణం లేకపాయె. పిడికిలి మెల్లగ ఇడిసిపెట్టి, చెంప బల్ల మీద ఆనించింది.

నిమిషమైనంక ట్రే మళ్ల పెట్టిన. ఒకటే పూస పట్టుకున్నది, గుచ్చకముందే "బస్" అన్నది, నా దిక్కు ఓరగ చూసుకుంట. నన్ను పరీక్ష పెడ్తున్నది. తీసేసిన. మళ్ల పెట్టిన, మళ్ల అన్నది, మళ్ల తీసిన. నాలుగోసారి పెడితే అననే లేదు. దారం సగం నిండేదాక గుచ్చింది. గుచ్చుకుంట ఏదో రాగం తీసింది. ఆ రాగం మేం ఎన్నడు ఇనలే.

అంతసేపు నుదుటి దాక పిడికిలి ఒక్కసారి గూడ పోలే. మేడం స్టాప్‌వాచ్ ఆపి, కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది.

పెద్దసారుకు ఇంక అనుమానమే. "బాగానే ఉంది గని, బస్ అన్నప్పుడల్ల ఆపుకుంట పోతే ఇగ ఆ పిల్లకు చదువేమొస్తది?"

మేడం జవాబు చెప్పబోయింది. అంతవరకు గోడకు ఆనుకొని నిలవడ్డ తండ్రి నోరు తెరిసిండు. "సార్, నా కాడికి బండి వస్తే ముందు బ్రేకు చూస్త. బ్రేకు పడుతదంటేనే మనిషి ధైర్యంగ తోల్తడు. పడదంటే భయపడుకుంట ఎక్కడనో గుద్దుతడు." గిన్ని మాటలు మాట్లాడినందుకు ఆయనకే సిగ్గైంది, తల దించుకున్నడు. పెద్దసారు కాసేపు పాప దిక్కు చూసిండు. ఇంకో మూడు నెలలు చూద్దామన్నడు. ఆ మూడు నెలలు ఆ తర్వాత ఏండ్లైనయ్. హాస్టల్ మాట మళ్ల ఎవ్వలు ఎత్తలే.

బయటికొచ్చినంక నేను తల్లి దగ్గరికి పోయిన. ఇది చెప్పకుంట ఇంటికి పోలేను. "చెల్లె, బస్సు అనే మాట పాప ఎన్నడు అనలే. రెండు మాటలు కావు. ఒక్కటే. నేను తప్పు చదివి చెప్పిన."

ఆమె గల్లీల అందరికి చెప్పుకున్నది కదా, ఇప్పుడు వాళ్లకేం చెప్పుకోవాలె. ఒక మాట ఇచ్చి తీసుకున్న దాన్ని నేను. "ఒక్కటే గని ఆపా, పనికొచ్చే మాటే కదా" అన్నది. నన్ను ఓదారుస్తున్నది, సూడున్రి. నాకు ఏడుపు ఆగలే.

మేడం నన్ను తిట్టలే. తిడితే బాగుండునని ఉండె. "పాత కాయితాలు చింపకండి. తప్పు మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టండి. కింద ఏముందో కనిపించాలి" అన్నది. రెండు రోజులు కూసొని గీసిన. 'బస్సు' మీద గీత, పక్కన 'బస్', కింద సంతకం. ఇప్పటికీ ఆ కట్ట యూనివర్సిటీ బీరువల ఉంటది. మీరు ఎవలన్న ఆ టీంల చేరితే తీసి చూడున్రి, ఇన్ని సంతకాలు నా నౌకరి మొత్తంల ఇంకెక్కడ పెట్టలే. స్కాలర్ థీసిస్ ఏడాది ఎనుకకు పోయింది. అతను ఆ తప్పును దాచిపెట్టకుండ ఒక అధ్యాయమే రాసిండు, నా పేరు లేకుండ. ఇప్పుడు తనే ఒక కాలేజీల పాఠం చెప్తుండు, పండుగకో పబ్బానికో ఫోన్ చేస్తడు.

పాపకు ఒక్కరోజుల అంత బాగైపోయిందని అనుకోకున్రి. కొట్టుకునుడు తగ్గింది, పోలే. కొత్త మనిషొస్తే, జ్వరమొస్తే మళ్ల లేసేది. 'బస్' అర్థం కానోళ్ల కోసం చెయ్యి బొమ్మ ఉన్న ఒక కార్డు గూడ నేర్పినం. అది నేర్వనికి ఏడాది పట్టింది. నీళ్లు కావాలనేది, దాదీ కావాలనేది, కార్డులు మెల్లమెల్లగ జమైనయ్. నోటి మాట మాత్రం గదొక్కటే.

నేను పని దిగిపోయే రోజు ఆ బడికి పోయిన. అప్పటికి ఆమె నా భుజం దాక ఎదిగింది. నుదురు నున్నగ ఉన్నది. కిటికీ దగ్గర కూసొని పూసలు గుచ్చుకుంటున్నది. నేను పక్కన కూసున్న. ఒక్కసారిగ రెండు చేతులు ఏసి దగ్గరికి తీసుకున్న, ఆమె తల మీద నా గడ్డం ఆనించి ఏడ్సిన. ఎంతసేపో తెల్వదు. నా చీరంత ఆమె మొఖానికి ఒత్తుకపోయింది, చేతిలకెళ్లి పూసలు కింద పడ్డయ్.

ఆమె గింజుకోలే, కొట్టుకోలే. నా చేతుల నడుమకెళ్లి, చాయ పోసేటోళ్లకు నేను చెప్పినంత మామూలుగ చెప్పింది.

"బస్."

నేను చేతులు తీసేసిన.